లినక్స్‌లో కాలం చెల్లిన బ్రౌజర్ ప్లగిన్ ప్యాకేజీలను తొలగించే పద్ధతి: సమగ్ర మార్గదర్శి

తిరుపతి బస్టాండు చుట్టుపక్కల వీధుల్లోని నెట్ సెంటర్లలోనూ, చిత్తూరులోని కొన్ని కళాశాలల కంప్యూటర్ ల్యాబుల్లోనూ లినక్స్ రకాలైన ఉబుంటు, డెబియన్ నడిచే పాత కంప్యూటర్లను చూసుకోవడం కొన్నేళ్లుగా నా పని. వాటిలో చాలావాటిని 2014కూ 2018కీ మధ్య సిద్ధం చేశారు. అప్పట్లో కొన్ని పాఠాల బొమ్మలు కదలాలంటే ఫ్లాష్, డిజిటల్ సంతకంతో టెండరు దాఖలు చేయాలంటే జావా అనే ప్లగిన్లు (బ్రౌజర్‌కు అదనపు పనులు నేర్పే చేర్పులు) ఉండక తప్పేది కాదు కాబట్టి వాటిని వేసి ఇచ్చారు. ఆ తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఒక్కో మెట్టు పైకి అప్‌గ్రేడ్ చేస్తూ వచ్చారు గానీ, ఆ ప్యాకేజీల జోలికి ఎవరూ పోలేదు.

పనికిరాని ఫైలు డిస్కులో ఒక మూల పడి ఉంటే నష్టమేమిటని చాలామంది అడుగుతారు. తిరుపతిలో ఒక నెట్ సెంటర్ యజమాని ఆన్‌లైన్ చెల్లింపు పేజీలు తెరుచుకోవడం లేదని చెప్పి రెండు సార్లు ఇంటర్నెట్ కనెక్షన్ మార్చారు, రూటరు మార్చారు, అయినా ఫలితం లేకపోయింది. నేను వెళ్లి చూస్తే అందులో డెబియన్ 9, దానిమీద ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ (తరచూ మారకుండా ఎక్కువ కాలం మద్దతు పొందే శాఖ) 52వ వెర్షన్ ఉన్నాయి. జావా ప్లగిన్ పనిచేసే చివరి ఫైర్‌ఫాక్స్ శాఖ అదే కాబట్టి, ఎవరో ఒకప్పుడు ఆ బ్రౌజర్ అప్‌డేట్ కాకుండా తాళం వేసి వెళ్లారు. జావా అవసరం ఎప్పుడో తీరిపోయింది, తాళం మాత్రం మిగిలింది. ఈనాటి వెబ్‌సైట్లు వాడే కొత్త జావాస్క్రిప్ట్ వ్యాకరణం ఆ బ్రౌజర్‌కు అర్థం కాదు; అంతకంటే పెద్ద ప్రమాదం, ఏళ్ల తరబడి వచ్చిన భద్రతా దిద్దుబాట్లు ఒక్కటీ దానికి అందలేదు, దాని మీదనే జనం బ్యాంకు పాస్‌వర్డులు కొడుతున్నారు. చచ్చిన ప్లగిన్ బతికున్న బ్రౌజర్‌ను కట్టేసి ఉంచడమే ఇందులోని అసలు హాని. అందుకే ఈ శుభ్రతను నేను చిన్న పనిగా చూడను.

దీన్ని నిర్భయంగా చేయడానికి ఒక్క సూత్రం పట్టుకుంటే చాలు: ఏ ఫైలు ఏ దారిన లోపలికి వచ్చిందో ఆ దారినే దాన్ని బయటికి పంపాలి. ప్యాకేజీ మేనేజర్ (సాఫ్ట్‌వేర్‌ను వేసే, తీసే ప్రోగ్రాము; ఉబుంటు, డెబియన్‌లలో ఆప్ట్, దాని కింద డీపీకేజీ) తెచ్చినదాన్ని ప్యాకేజీ మేనేజరే తీయాలి, చేత్తో పెట్టినదాన్ని చేత్తోనే తీయాలి. ఈ రెంటినీ కలగాపులగం చేసినప్పుడే ఇబ్బందులు వస్తాయి.

కమాండ్ల గురించి ఒక మాట. ఇక్కడ వాటిని ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో ఇస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఆంగ్ల అక్షరాలలో, నేను ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప అన్నిటినీ చిన్న అక్షరాలలోనే కొట్టాలి. ప్యాకేజీల పేర్లలో అడ్డగీత ఉన్నచోట అడ్డగీత తప్పనిసరి.

ఏది కాలం చెల్లింది, ఏది కాదు

తొలగించే ముందు ఈ తేడా తెలియాలి, ఎందుకంటే ప్లగిన్ అనే మాట కింద మూడు నాలుగు రకాల వస్తువులు కలిసిపోయి ఉన్నాయి.

మొదటి రకం ఎన్‌పీఏపీఐ ప్లగిన్లు. 1990ల నడుమ నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0తో వచ్చిన ఈ ఏర్పాటులో, బయటి సంస్థ రాసిన ఒక లైబ్రరీ ఫైలు నేరుగా బ్రౌజర్‌లోకి ఎక్కి పనిచేసేది. అడోబీ ఫ్లాష్, జావా ప్లగిన్, దానికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రత్యామ్నాయమైన ఐస్‌డ్‌టీ, వీఎల్‌సీ ప్లగిన్, సిల్వర్‌లైట్‌కు బదులుగా లినక్స్‌లో వాడిన మూన్‌లైట్, పైప్‌లైట్ అన్నీ ఈ కోవలోవే. లినక్స్ మీద క్రోమ్ ఈ ఏర్పాటును 2014 మే నెలలో 35వ వెర్షన్‌తోనే వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో 52వ వెర్షన్‌తో ఫ్లాష్ తప్ప మిగతావాటన్నిటినీ ఆపింది. దాని ఈఎస్ఆర్ శాఖలో మాత్రం 2018 దాకా అవి నడిచాయి. అడోబీ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు మద్దతు ముగించి, 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయర్‌లో ఏదీ తెరుచుకోకుండా లోపలి నుంచే అడ్డుకట్ట వేసింది. అదే నెలలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 85, క్రోమ్ 88 వెర్షన్లలో ఫ్లాష్‌కు చోటే లేదు. కాబట్టి ఈ రకం ఫైలు ఏది కనిపించినా, ఇప్పటి బ్రౌజర్ దాన్ని తాకదని నిశ్చయంగా చెప్పవచ్చు.

రెండవ రకం, క్రోమ్ కోసం వచ్చిన పెప్పర్ ఫ్లాష్, దాన్ని ఫైర్‌ఫాక్స్‌లో వాడుకోవడానికి రాసిన ఫ్రెష్‌ప్లేయర్. ఇవీ పోవలసినవే.

మూడవది, డెబియన్, ఉబుంటులలో పేరుకు ముందు జూల్-ఎక్స్‌టీ అని ఉండే ప్యాకేజీలు. అవి ప్లగిన్లు కావు, పాత తరహా ఎక్స్‌టెన్షన్లు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 రాగానే వాటికి కాలం చెల్లింది. వెబ్ఎక్స్‌టీ అని మొదలయ్యేవి మాత్రం కొత్త తరహావి, వాటిని ముట్టుకోవద్దు.

నాలుగవది చాలామంది పొరబడే చోటు. ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్స్ పేజీలో ప్లగిన్స్ అనే శీర్షిక కింద ఇప్పటికీ ఓపెన్ హెచ్264, వైడ్‌వైన్ అనే రెండు పేర్లు కనబడతాయి. మొదటిది వీడియో కాల్స్‌కు, రెండవది కాపీరక్షణ ఉన్న సినిమాలు చూడటానికి పనికివచ్చేవి. వాటిని ఫైర్‌ఫాక్స్ తానే దించుకుని, తానే అప్‌డేట్ చేసుకుంటుంది. వాటికీ మనం వెతుకుతున్న పాత వ్యవస్థకూ సంబంధం లేదు.

మొదటి మెట్టు: ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టుకోవడం

ఏ ప్యాకేజీలు ఉన్నాయో, వాటిలో వేటిని మనిషి కోరి వేశాడో, రెండు జాబితాలు తీసి పక్కన పెట్టాలి.

డీపీకేజీ --గెట్-సెలెక్షన్స్ > మునుపు.టీఎక్స్‌టీ
ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ > కోరినవి.టీఎక్స్‌టీ

ఫైళ్ల పేర్లు మీ ఇష్టం. రెండవ జాబితా చాలా విలువైనది, దాని అవసరం ఆరవ మెట్టులో తెలుస్తుంది. దీనితో పాటు, వర్ కింద లాగ్, దాని కింద ఆప్ట్ అనే డైరెక్టరీలో హిస్టరీ.లాగ్ అనే ఫైలు ఉంటుంది. ఈ రోజు మనం తీసిన ప్రతి ప్యాకేజీ పేరూ అందులో తేదీ, సమయంతో నమోదవుతుంది కాబట్టి, ఏదైనా పొరపాటు జరిగితే ముందుగా తెరవవలసింది ఆ ఫైలునే.

రెండవ మెట్టు: తాళాలు చూడటం

ఈ మెట్టును దాదాపు ప్రతి ఒక్కరూ దాటేస్తారు, నేను మాత్రం దీన్నే ముందు పెడతాను.

ఆప్ట్-మార్క్ షోహోల్డ్

ఈ కమాండు ఏమీ చూపకపోతే మంచిదే. ఫైర్‌ఫాక్స్, ఫైర్‌ఫాక్స్-ఈఎస్ఆర్, క్రోమియం, ఓపెన్‌జేడీకే (జావా) వంటి పేరు ఏదైనా చూపితే, ఎవరో ఒక పాత ప్లగిన్ కోసం దాన్ని కదలకుండా పట్టి ఉంచారని అర్థం. తాళం తీయడానికి ఆప్ట్-మార్క్ అన్‌హోల్డ్ అని రాసి ఆ ప్యాకేజీ పేరు చేర్చాలి. ఈటీసీ కింద ఆప్ట్, దాని కింద ప్రిఫరెన్సెస్.డీ అనే డైరెక్టరీలో పిన్-ప్రయారిటీ అని రాసిన ఫైళ్లు కూడా ఇటువంటి తాళాలే. షోహోల్డ్ వాటిని చూపదు, కాబట్టి ఆ డైరెక్టరీని విడిగా చూడాలి. దీనికి సంబంధం లేని మరో చోట, రూట్‌లో ఓ, పీ, టీ అనే మూడు అక్షరాల పేరుతో ఉండే డైరెక్టరీలో, కొందరు పాత ఫైర్‌ఫాక్స్‌ను మొత్తంగా విప్పి పెట్టి డెస్క్‌టాప్ మీద దానికి గుర్తు అతికిస్తారు. దానికి ప్యాకేజీ మేనేజరుతో సంబంధమే లేదు. డెస్క్‌టాప్ మీద ఫైర్‌ఫాక్స్ గుర్తులు రెండు కనబడితే ఆ అనుమానం రావాలి.

తాళం తీసే ముందు, అది ఎందుకు వేశారో ఆ యంత్రం వాడేవారిని అడగండి. అవసరం ఇంకా ఉంటే దానికి ప్రత్యామ్నాయం చూపించాకే ముందుకు పోవాలి. ప్రత్యామ్నాయాల గురించి చివర రాశాను.

మూడవ మెట్టు: వెతకడం

డీపీకేజీ -ఎల్ అని కొట్టి, దాన్ని మాటలు వెతికే గ్రెప్ కమాండుకు అందించి ప్లగిన్, ఫ్లాష్, ఐస్‌డ్‌టీ, పైప్‌లైట్, జూల్-ఎక్స్‌టీ అనే మాటలను ఒక్కొక్కటిగా వెతకాలి. ఉబుంటు, డెబియన్ యంత్రాల్లో నాకు తరచూ దొరికే పేర్లు ఇవి: ఫ్లాష్‌ప్లగిన్-ఇన్‌స్టాలర్, అడోబీ-ఫ్లాష్‌ప్లగిన్, ఫ్లాష్‌ప్లగిన్-నాన్‌ఫ్రీ, పెప్పర్‌ఫ్లాష్‌ప్లగిన్-నాన్‌ఫ్రీ, బ్రౌజర్-ప్లగిన్-ఫ్రెష్‌ప్లేయర్-పెప్పర్‌ఫ్లాష్, ఐస్‌డ్‌టీ-8-ప్లగిన్, బ్రౌజర్-ప్లగిన్-వీఎల్‌సీ, బ్రౌజర్-ప్లగిన్-గ్నాష్, గూగుల్-టాక్‌ప్లగిన్. గ్రెప్ ఫలితంలో ప్లగిన్ అనే మాట ఉన్న ప్రతిదీ బ్రౌజర్‌ది కాదు. జీస్ట్రీమర్ ప్లగిన్లు, వీఎల్‌సీ ప్లేయర్ సొంత ప్లగిన్లు, ప్రింటర్ ప్లగిన్లు అదే పేరుతో వరుసలో ఉంటాయి. పేరు చూసి కాదు, పక్కన ఉన్న వివరణ చదివి ఎంచుకోవాలి.

ఆప్ట్ 2.0, అంటే 2020లో వచ్చిన వెర్షన్ లేదా దాని తర్వాతిది ఉంటే, ఇప్పుడు ఏ రిపోజిటరీలోనూ (ప్యాకేజీలను దించుకునే భాండాగారం) లేని ప్యాకేజీలన్నిటినీ ఒకేసారి చూసే వీలుంది. ఆప్ట్ లిస్ట్ అని రాసి, ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య ప్రశ్నార్థకం, దాని వెంటనే అబ్సొలీట్ అనే మాట పెట్టాలి. ఉబుంటు 18.04 వంటి పాత వాటిలో ఈ సౌకర్యం లేదు. అక్కడ ఆప్టిట్యూడ్ వేసుకుని దాని వెతుకులాట వాడాలి.

ఈ జాబితా వచ్చిందని సంతోషించి అందులో ఉన్నవన్నీ ఒక్క దెబ్బతో తీసేయవద్దు. మన ఊళ్లలోని యంత్రాల్లో ఈ జాబితా కింద ప్రింటరు డ్రైవరు, వేలిముద్ర పరికరం డ్రైవరు, ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేసిన తెలుగు ఫాంట్ల ప్యాకేజీ కూడా వస్తాయి. రిపోజిటరీలో లేనంత మాత్రాన అవి పనికిరానివి కావు. నెట్ సెంటర్‌లో వేలిముద్ర పరికరం ఆగిపోతే ఆ రోజు వారి సంపాదన ఆగిపోయినట్టే.

నాలుగవ మెట్టు: ప్రతి ఫైలుకూ యజమాని ఎవరో తేల్చడం

ఈ పనిలో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం వెచ్చించేది ఇక్కడే. ప్లగిన్ ఫైళ్లు ఉండే చోట్లు కొన్నే: యూఎస్ఆర్ కింద లిబ్, దాని కింద మొజిల్లా, దాని కింద ప్లగిన్స్, అదే వరుసలో ఫైర్‌ఫాక్స్ కింద ప్లగిన్స్, ఫెడోరా వంటి వాటిలో లిబ్‌కు బదులు లిబ్64, ఇంకా ప్రతి వాడుకరి హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే మొజిల్లా కింద ప్లగిన్స్. వీటిలో కనబడే ప్రతి ఫైలునూ డీపీకేజీకి ఇచ్చి, అది ఏ ప్యాకేజీదో అడగాలి. ఆ ఐచ్ఛికం పెద్ద అక్షరం ఎస్.

డీపీకేజీ -ఎస్ తర్వాత ఫైలు పూర్తి దారి

సమాధానం మూడు విధాలుగా వస్తుంది. ప్యాకేజీ పేరు చెబితే, దాన్ని పర్జ్ (పూర్తిగా తొలగించే కమాండు) జాబితాలో రాసుకోండి. అటువంటి దారి ఏ ప్యాకేజీలోనూ లేదని చెబితే, తొందరపడి ఆర్‌ఎమ్ (ఫైలును తీసేసే కమాండు) కొట్టకండి, ఎందుకంటే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫ్లాష్‌ను మరొకరు పంచిపెట్టడానికి అడోబీ లైసెన్సు అడ్డు కాబట్టి, ఉబుంటులోని ఫ్లాష్‌ప్లగిన్-ఇన్‌స్టాలర్ అనే ప్యాకేజీలో ఫ్లాష్ ఉండేదే కాదు. వేసిన తర్వాత ఒక స్క్రిప్టు నడిచి అసలు ఫైలును బయటి నుంచి దించి, యూఎస్ఆర్ లిబ్ కింద తన పేరుతోనే ఉన్న డైరెక్టరీలో పెట్టేది. దించిన ఫైలు గురించి డీపీకేజీకి తెలియదు, కాని దాన్ని తీసే బాధ్యత మాత్రం ఆ ప్యాకేజీ తొలగింపు స్క్రిప్టుదే. ఆ ఫైలును ముందే చేత్తో తీసేస్తే, దాన్ని చూపే లింకులు గాలిలో వేలాడుతాయి. డెబియన్‌లోని ఫ్లాష్‌ప్లగిన్-నాన్‌ఫ్రీ కూడా ఇదే తీరు.

మూడవ విధం సింబాలిక్ లింకు, అంటే మరో ఫైలును చూపే గుర్తు. ఒకటికంటే ఎక్కువ ఫ్లాష్ ప్లేయర్లు ఉన్నప్పుడు ఏది నడవాలో ఎంచడానికి ఆల్టర్నేటివ్స్ అనే ఏర్పాటు వాడేవారు. ఉబుంటులో దాని పేరు మొజిల్లా-ఫ్లాష్‌ప్లగిన్, డెబియన్‌లో ఫ్లాష్-మొజిల్లా.ఎస్ఓ. అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --డిస్‌ప్లే అని రాసి ఆ పేరు ఇస్తే, లింకు ఎటు చూపుతోందో, ఎన్ని ప్యాకేజీలు అందులో పేరు నమోదు చేసుకున్నాయో వివరంగా తెలుస్తుంది.

ఈ మూడింటిలో దేనికీ చెందనివి చేత్తో పెట్టినవి. 2010ల తొలి సంవత్సరాల్లో లిబ్‌ఫ్లాష్‌ప్లేయర్.ఎస్ఓ అనే ఫైలును విప్పి ప్లగిన్స్ డైరెక్టరీలోకి కాపీ చేయమని చెప్పేవారు. ఒరాకిల్ జావాకు లిబ్‌ఎన్‌పీజేపీ2.ఎస్ఓ అనే ఫైలుకు లింకు పెట్టమనేవారు. ల్యాబు యంత్రాల్లో పాత విద్యార్థుల హోమ్ డైరెక్టరీల్లో ఇవి ఇప్పటికీ దొరుకుతాయి. అవి మాత్రమే మన చేతి పని.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. యూఎస్ఆర్ లిబ్ కింద ఉన్న మొజిల్లా డైరెక్టరీని మొత్తంగా ఎప్పుడూ తీయవద్దు. అందులో ప్లగిన్స్ పక్కనే నేటివ్-మెసేజింగ్-హోస్ట్స్ అనే డైరెక్టరీ ఉంటుంది. పాస్‌వర్డులు దాచే కొన్ని ప్రోగ్రాములు, గ్నోమ్ షెల్ ఎక్స్‌టెన్షన్లను బ్రౌజర్ నుంచి వేసే కనెక్టర్, కేడీఈ ప్లాస్మా అనుసంధానం బ్రౌజర్‌తో మాట్లాడేది ఆ దారినే. చిత్తూరులో ఒక ల్యాబులో నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో, అంతా పాతదే అనుకుని ఆ డైరెక్టరీని నలభై యంత్రాల్లో ఒకే స్క్రిప్టుతో తీసేశాను. పాస్‌వర్డు పెట్టె ఎందుకు తెరుచుకోవడం లేదో కనుక్కోవడానికి రెండు రోజులు పట్టింది. ప్యాకేజీలను ఒక్కొక్కటిగా మళ్లీ ఇన్‌స్టాల్ చేశాకే అన్నీ కుదుటపడ్డాయి.

ఐదవ మెట్టు: చేయకుండా చేసి చూడటం

సుడో ఆప్ట్-గెట్ -ఎస్ పర్జ్ అని రాసి, ఎంచుకున్న పేర్లన్నీ చేర్చండి. ఇక్కడ ఎస్ చిన్న అక్షరం. దాని వల్ల ఏదీ నిజంగా జరగదు, ఏం జరగబోతుందో మాత్రం కనబడుతుంది. వచ్చిన వరుసల్లో పర్జ్, రిమూవ్ అనే అర్థంలో పర్గ్, ఆర్‌ఈఎమ్‌వీ అనే పొట్టి మాటలు మొదట్లో ఉంటాయి. మీరు అడగని పేరు ఏదైనా ఆ వరుసల్లో ఉంటే, అది తీసేదాని మీద ఆధారపడి ఉందన్నమాట. ఉబుంటు-రెస్ట్రిక్టెడ్ అని మొదలయ్యే మెటాప్యాకేజీ పోతుందంటే భయపడనవసరం లేదు, ఎందుకంటే అది ఇతర ప్యాకేజీలను లాక్కొచ్చే ఖాళీ పెట్టె మాత్రమే. కాని దాని వెంట వచ్చిన కోడెక్కులు (ఆడియో, వీడియో నడిపేవి) తర్వాత, ఎవరికీ అక్కరలేని ప్యాకేజీలను తీసే ఆటోరిమూవ్‌లో కొట్టుకుపోయే అవకాశం ఉంది.

ఇన్‌స్ట్ అని మొదలయ్యే వరుస ఉంటే ఇంకా జాగ్రత్తగా చదవాలి. ఒక ప్యాకేజీ తనకు ఇది గాని అది గాని కావాలని చెప్పుకున్నప్పుడు, మనం ఒకదాన్ని తీస్తే ఆప్ట్ రెండవదాన్ని తెచ్చి పెట్టవచ్చు. పాత జావాను తీయబోతే ఇంకో వెర్షన్ జావా వచ్చి కూర్చోవడం ఇలాగే జరుగుతుంది. అటువంటప్పుడు ఆప్ట్-క్యాష్ ఆర్‌డిపెండ్స్ --ఇన్‌స్టాల్డ్ అని రాసి, ఎవరు ఎవరిని అడుగుతున్నారో చూసి, ఆ అడిగే ప్యాకేజీని కూడా జాబితాలో చేర్చాలా వద్దా అని నిర్ణయించుకోవాలి.

ఆరవ మెట్టు: తీయడం

అంతా సరిగా ఉందనుకున్నాక బ్రౌజర్లన్నీ మూసి, అదే కమాండును -ఎస్ లేకుండా నడపాలి.

సుడో ఆప్ట్ పర్జ్ తర్వాత ప్యాకేజీల పేర్లు

రిమూవ్ కాకుండా పర్జ్ వాడటానికి కారణం ఉంది. రిమూవ్ చేస్తే సెట్టింగుల ఫైళ్లు, తొలగింపు స్క్రిప్టులోని చివరి భాగం మిగిలిపోతాయి. మన మామిడి తోటల్లో బదనిక పట్టిన కొమ్మను చూసినవారికి ఇది వేరే చెప్పనవసరం లేదు: పైకి కనబడే ఆకులను గిల్లితే చాలదు, వేరు దిగిన చోటికి కింద కొమ్మను కోయాలి, లేకపోతే మళ్లీ చిగురిస్తుంది. ఎవరో ఇంతకుముందే రిమూవ్ చేసి వదిలేసినవి కూడా ఉండవచ్చు. డీపీకేజీ -ఎల్ జాబితాలో వరుస మొదట ఆర్‌సీ అని ఉన్నవి అవే. వాటి పేర్లనూ పర్జ్‌కు ఇవ్వవచ్చు.

తర్వాత ఆటోరిమూవ్. దీన్ని వెంటనే నడపకుండా, ముందు సుడో ఆప్ట్-గెట్ -ఎస్ ఆటోరిమూవ్ అని చూసుకోండి. ఐస్‌డ్‌టీ ప్లగిన్ పోగానే ఓపెన్‌జేడీకే కూడా అనవసరమని ఆప్ట్ అనుకోవచ్చు. ప్లగిన్ వేరు, జావా వేరు. లిబ్రె ఆఫీస్ బేస్‌కు, విద్యార్థులు రాసే ప్రోగ్రాములకు జావా కావాలి. మొదటి మెట్టులో తీసిన కోరినవాటి జాబితాతో పోల్చి, ఉంచవలసినవాటికి ఆప్ట్-మార్క్ మాన్యువల్ అని గుర్తు వేసి, అప్పుడు ఆటోరిమూవ్ నడపండి.

చివరగా, ఈ ప్యాకేజీలను తెచ్చిన అదనపు రిపోజిటరీలను తీయాలి. ఈటీసీ కింద ఆప్ట్, అందులో సోర్సెస్.లిస్ట్ ఫైలులో గాని, సోర్సెస్.లిస్ట్.డీ డైరెక్టరీలో గాని అడోబీ, పైప్‌లైట్, కెనానికల్ పార్ట్‌నర్ వంటివి ఉంటాయి. ప్యాకేజీలు పోకముందే రిపోజిటరీని తీస్తే, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో ఆప్ట్ పాలసీ కమాండు చెప్పలేకపోతుంది. అందువల్ల ఈ క్రమం పాటించడం మేలు. తీశాక ఒకసారి ఆప్ట్ అప్‌డేట్ నడిపితే తప్పులేవైనా ఉంటే బయటపడతాయి.

ఏడవ మెట్టు: మిగుళ్లు

ఇల్లు అలకగానే పండగ కాదు. గమ్యం లేని లింకులను వెతకడానికి సుడో ఫైండ్ అని రాసి, యూఎస్ఆర్ లిబ్ కింద ఉన్న మొజిల్లా, ఫైర్‌ఫాక్స్ దారులు ఇచ్చి, చివర -ఎక్స్‌టైప్ ఎల్ అని చేర్చాలి. ప్లగిన్స్ డైరెక్టరీలో అటువంటివి దొరికితే అవి ముందెవరో చేత్తో ఫైళ్లు తీసిన గుర్తులు. ఆల్టర్నేటివ్స్ లింకు అయితే అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --రిమూవ్-ఆల్ తో, మామూలు లింకు అయితే ఆర్‌ఎమ్‌తో తీయండి. హోమ్ డైరెక్టరీల్లో చుక్క అడోబీ, చుక్క మాక్రోమీడియా అనే రెండు డైరెక్టరీలు ఫ్లాష్ దాచుకున్న సమాచారం. నిశ్చింతగా తీయవచ్చు. హోమ్‌లోని చుక్క మొజిల్లాను మాత్రం మొత్తంగా తీయకూడదు, అందులోనే వాడుకరి బుక్‌మార్కులు, పాస్‌వర్డులు ఉంటాయి; దాని లోపలి ప్లగిన్స్ డైరెక్టరీ ఒక్కటే మనకు సంబంధించినది.

డీపీకేజీ --ఆడిట్ నడిపి, సగంలో ఆగిన ప్యాకేజీలు లేవని నిర్ధారించుకోండి. తర్వాత ఫైర్‌ఫాక్స్ తెరిచి చిరునామా పట్టీలో అబౌట్:సపోర్ట్ అని కొట్టి, వెర్షన్ సంఖ్య చూడండి. తాళం తీసినా సంఖ్య పాతదే అయితే, ఆపరేటింగ్ సిస్టమ్‌కే కాలం చెల్లిందని అర్థం. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ రూపంలో వస్తోంది కాబట్టి, అక్కడ సంఖ్య ఆప్ట్‌లో కాక స్నాప్ లిస్ట్‌లో కనబడుతుంది.

ఇతర డిస్ట్రిబ్యూషన్లలో

పేర్లు మారినా పద్ధతి అదే. ఫెడోరాలో డీఎన్‌ఎఫ్ రిమూవ్ ఫ్లాష్-ప్లగిన్, తర్వాత అడోబీ రిపోజిటరీ ఫైలు. ఫైలు యజమానిని చెప్పేది ఆర్‌పీఎమ్ -క్యూఎఫ్. ఆర్చ్‌లో రిపోజిటరీలో లేనివాటిని ప్యాక్‌మ్యాన్ -క్యూఎమ్ చూపుతుంది, అందులో మొదటి అక్షరం పెద్ద క్యూ. తీయడానికి -ఆర్‌ఎన్‌ఎస్, అందులో ఆర్ పెద్దది. ఓపెన్‌సూసెలో జిప్పర్ ప్యాకేజెస్ --ఆర్ఫన్డ్ అదే జాబితాను ఇస్తుంది.

ఎన్నో యంత్రాలు ఒకే చేతి కింద ఉన్నప్పుడు

ల్యాబులో నలభై యంత్రాలను శుభ్రం చేశాక, ఏదో పాత స్క్రిప్టు వాటిని మళ్లీ వేసేస్తే శ్రమంతా వృథా. ఆప్ట్ ప్రిఫరెన్సెస్.డీలో ఒక చిన్న ఫైలు పెట్టి, ఆ ప్యాకేజీ పేర్లకు పిన్-ప్రయారిటీ మైనస్ 1 అని రాస్తే, ఆప్ట్ వాటిని ఇక ఇన్‌స్టాల్ చేయదు. మీరే ఒక మెటాప్యాకేజీ తయారుచేసి అన్నిటికీ పంచుతున్నట్టయితే, దాని కంట్రోల్ ఫైలులో డిపెండ్స్, రెకమెండ్స్ వరుసల నుంచి పాత పేర్లు కొట్టేసి, కాన్‌ఫ్లిక్ట్స్ వరుసలో చేర్చి, వెర్షన్ సంఖ్య పెంచండి. ఆ కొత్త వెర్షన్ వేసే క్రమంలోనే ఆప్ట్ పాతవాటిని తీసేస్తుంది. ఫెడోరా ఇదే ఆలోచనను పెద్ద ఎత్తున అమలు చేస్తోంది: ఫెడోరా-అబ్సొలీట్-ప్యాకేజెస్ అనే ఒక ప్యాకేజీ, అప్‌గ్రేడ్‌కు అడ్డుపడే పాతవాటిని వదిలించడానికే ఉంది. కళాశాలలో సొంత రిపోజిటరీని రెప్రెప్రోతో నడుపుతుంటే, రెప్రెప్రో రిమూవ్ అని రాసి డిస్ట్రిబ్యూషన్ సంకేతనామం, ప్యాకేజీ పేరు ఇవ్వాలి. ముందు యంత్రాలు, తర్వాత రిపోజిటరీ అన్న క్రమం ఇక్కడా వర్తిస్తుంది.

పోయినవాటి స్థానంలో

ఉపాధ్యాయుల దగ్గర ఎస్‌డబ్ల్యూఎఫ్ (ఫ్లాష్ ఫైలు) రూపంలో కదిలే బొమ్మల పాఠాలు ఇప్పటికీ ఉన్నాయి, వాటిలో కొన్ని తెలుగులో శ్రమపడి చేసుకున్నవి. వాటిని పారేయమని నేను ఎవరికీ చెప్పను. రస్ట్ భాషలో రాసిన రఫుల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాటిని అసలు ఫ్లాష్ లేకుండానే నడుపుతుంది. ఎక్స్‌టెన్షన్‌గానూ, విడి ప్రోగ్రాముగానూ దొరుకుతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబరు నుంచి తన ఫ్లాష్ సేకరణను దీనితోనే చూపిస్తోంది. ఆక్షన్‌స్క్రిప్ట్ 3లో రాసిన కొన్ని పాఠాలు దీనిలో పూర్తిగా నడవకపోవచ్చు కనుక, ప్లగిన్ తీసే ముందే ఒక్కో పాఠాన్నీ తెరిచి చూసుకోవాలి. భౌతిక, రసాయన శాస్త్రాలకైతే, ఒకప్పుడు జావా, ఫ్లాష్‌ల మీద నడిచిన కొలరాడో విశ్వవిద్యాలయపు ఫెట్ ప్రయోగాల్లో ఎన్నో హెచ్‌టీఎమ్‌ఎల్5లోకి మారాయి, కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. వాటికి ఏ ప్లగినూ అక్కరలేదు. వెబ్ నుంచి జావా ప్రోగ్రాములను నడిపే జేఎన్‌ఎల్‌పీ ఫైళ్లను తెరవవలసి వస్తే ఓపెన్ వెబ్‌స్టార్ట్ ఉంది, అది బ్రౌజర్‌కు బయటే పనిచేస్తుంది.

మొదట చెప్పిన తిరుపతి నెట్ సెంటర్ యంత్రంలో, యజమానిని అడిగితే టెండర్ల పని మానేసి చాలాకాలమైందని చెప్పారు. తాళం తీసి, ఐస్‌డ్‌టీ ప్లగిన్‌ను పర్జ్ చేసి, ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి తీసుకుని, డెబియన్ 9 నుంచి 10, 11, 12కు ఒక్కో మెట్టుగా ఎక్కించాను. మెట్లు దాటేసి ఎక్కించడాన్ని డెబియన్ సమ్మతించదు. సాయంత్రం అయిదింటికి మొదలుపెట్టిన పని రాత్రి దుకాణం మూసే వేళకు పూర్తయింది. కొత్త ఫైర్‌ఫాక్స్‌లో చెల్లింపు పేజీ మొదటిసారికే తెరుచుకుంది, ప్రింటరు డ్రైవరును మాత్రం ఒకసారి మళ్లీ వేయవలసి వచ్చింది.